పెదనాన్న పద్యం, నా వేళ్ళు

పోయిన నెలలో గుంటూరులో ఒక బడివాళ్ళు పిల్లలకి పియానో పోటీ పెట్టి, మార్కులు వెయ్యడానికి నన్ను పిలిచారు. పియానో అంటే పెద్ద చెక్క పియానో కాదు, కరెంటుతో పనిచేసే పొడుగాటి కీబోర్డు. నేను ఆడపిల్లల బడిలో ముప్ఫై ఏళ్ళు సంగీతం చెప్పి రిటైరైనదాన్ని. నా చేతికి తెలిసింది హార్మోనియం. ఆ మాటే చెబితే, "మెట్లు మెట్లే కదా మేడమ్, మీరు రావాల్సిందే" అని బతిమాలారు. సరేనని వెళ్ళాను. ఏడో ఎనిమిదో మంది పిల్లలు వాయించాక లాస్య అనే పన్నెండేళ్ళ పిల్ల వచ్చింది. రెండు జడలు, తెల్ల గౌను. కూర్చోవడం ఆలస్యం, మొదలుపెట్టింది. ఏం చెప్పను, దాని వేళ్ళు కనపడితే ఒట్టు! హాల్లో తల్లిదండ్రులంతా ఫోన్లు పైకెత్తారు. నాకు అటూ ఇటూ కూర్చున్న ఇద్దరు జడ్జీలూ పాట అయ్యీ అవకముందే పదికి పది వేసేసి కలాలకి మూతలు పెట్టేసుకున్నారు. నేను మాత్రం మైకు దగ్గరికి లాక్కుని, "చాలా బాగా సాధన చేశావమ్మా. ఇంతకీ ఆ పాటలో ఏముంది?" అని అడిగాను. ఆ పిల్ల తడుముకోకుండా, "స్పీడు నూట అరవై మేడమ్. ఎగ్జామ్ టైముకి నూట ఎనభై చేసేస్తా" అంది. "అది కాదమ్మా, సంతోషమా, దిగులా, ఎవరైనా ఎక్కడికైనా వెళ్తున్నారా, ఏముంది అందులో?" అన్నాను. పిల్ల వాళ్ళమ్మ వైపు చూసింది. వాళ్ళమ్మ నా వైపు చూసింది, సిలబస్‌లో లేని ప్రశ్న అడిగానన్నట్టు.

నాకు కోపం తొందరగా వస్తుంది, మా ఇంట్లో ఎవర్నడిగినా చెబుతారు. కానీ ఆవేళ రాలేదు. ఎదురుగా నిలబడిన ఆ పిల్ల మొహంలో పదిహేడేళ్ళ నేనే కనపడ్డాను. చివరికి పదికి ఆరు వేశాను. ఇంటికొచ్చాక కూడా మనసు కుదురుగా లేదు. ఎందుకు ఆరు వేశానో ఆ తల్లికి ఒక్క ముక్కలో చెప్పడం నావల్ల కాదు. చెప్పాలంటే మా పెదనాన్న సంగతి చెప్పాలి.

మాది పర్చూరు దాటాక లోపలికి ఉండే ఊరు. చుట్టూ నల్లరేగడి, మిరప, పత్తి, అక్కడక్కడా పొగాకు. మా నాన్నా పెదనాన్నా తాతగారి ఇంటినే మధ్యలో గోడ పెట్టి పంచుకున్నారు. ఆ గోడ కప్పుదాకా లేదు, మనిషెత్తు లేచి ఆగిపోయింది. అందుకని ఆ ఇంటి పోపు వాసన ఈ ఇంట్లోకి, ఈ ఇంటి పోట్లాటలు ఆ ఇంట్లోకి వచ్చేవి. పెదనాన్న పగలంతా మిరపతోటలో ఉండే రైతు, నాటకాలున్నప్పుడు రాజు. చుట్టుపక్కల పది ఊళ్ళలో పద్యం ఎత్తితే ఆయనే ఎత్తాలి అనేవారు. పొద్దున్నే కోడి కూయకముందే వేణ్ణీళ్ళలో ఉప్పు వేసుకుని పుక్కిలించేవాడు. అది ఇంటిల్లిపాదికీ మేలుకొలుపు. ఆ తర్వాత స్నానాలగదిలో చెంబు నీళ్ళు నెత్తిన పడటంతోటే ఒక ఆలాపన లేచేది. రోజూ ఐదు శ్రుతిలోనే. హార్మోనియంలో ఐదో మెట్టు మీద నిలబెట్టి పాడటమంటే గొంతు ఆకాశానికి నిచ్చెన వేసినట్టే. వయసులో ఉన్న మగాళ్ళు కూడా అక్కడ ఆయాసపడేవాళ్ళు. "ఐదు తగ్గిన రోజున నేను వేషం కట్టను" అని ఆయన రచ్చబండ మీద అందరి ముందూ చెప్పుకున్న మాట.

నాటకం వారంరోజుల్లో ఉందనగా మా దొడ్డమ్మ వంటింట్లో చట్టం మారిపోయేది. పెదనాన్నకి పెరుగు లేదు, నిమ్మకాయ ఊరగాయ లేదు, మధ్యాహ్నం చల్లటి నీళ్ళు లేవు. అన్నిటికన్నా ముఖ్యం, ఇంట్లో ఎండుమిరపకాయలు వేయించకూడదు. మిరపకాయల మీద బతికే ఊళ్ళో ఇదెంత కష్టమో ఆలోచించండి. ఆ ఘాటుకి దగ్గొస్తే గొంతు పోతుందని దొడ్డమ్మ కుంపటి పట్టుకుని పెరట్లో పశువుల కొట్టం అవతలికి వెళ్ళి, గాలి ఎటు వీస్తోందో చూసుకుని మరీ వేయించుకొచ్చేది. కొంగు ముక్కుకి కట్టుకుని, "ఈయన రాజైతే నాకు పెరడు రాసిచ్చాడు" అని గొణుక్కునేది. నియమం మాత్రం ఒక్కసారి కూడా తప్పలేదు.

నాటకాలకి హార్మోనియం వాయించేది సోమయ్య మాస్టారు. చిలకలూరిపేట నుంచి వారానికి రెండుసార్లు బస్సులో వచ్చి, రోడ్డు మీద దిగి మైలు నడిచి ఊళ్ళోకి వచ్చేవారు. రాగానే అరుగు మీద కూర్చుని ముందు మజ్జిగ, తర్వాత ముక్కుపొడుం, ఆ తర్వాతే సంగీతం. ఆయన రాని రోజుల్లో పెదనాన్న పద్యాలు చూసుకోవడానికి ఇంట్లో ఎవరో ఒకరు మెట్లు నొక్కాలి కదా. మగపిల్లలెవరికీ ఆ ధ్యాస లేదు. నేనే గోడ అవతలికి వెళ్ళి కూర్చునేదాన్ని. కాళ్ళతో తొక్కే హార్మోనియం అది. కింద రెండు కాళ్ళూ గాలి పోస్తుంటే పైన రెండు చేతులూ వాయించుకోవచ్చు. మాస్టారు నా వేళ్ళు చూసి ముచ్చటపడి నేర్పడం మొదలుపెట్టారు. నా వేళ్ళ సంగతి మిరపకాయలు ఎండబోసే కల్లంలో అందరికీ తెలుసు. ఎండిన కాయల్లోంచి తెల్లబారిన తాలుకాయలు ఏరడంలో కూలికొచ్చిన ఆడవాళ్ళు ఒక బుట్ట నింపేలోపల నేను రెండు నింపేదాన్ని. "ఈ పిల్ల చేతుల్లో మిషనుంది" అనేవాళ్ళు. ఆ మాట నాకు నెత్తికెక్కింది, దాచుకోవడమెందుకు? మాస్టారు ఒక వరస చెబితే సాయంత్రానికి దాన్ని రెట్టింపు వేగంలో వాయించి చూపించేదాన్ని. ఆయన తల ఊపి, "వేళ్ళున్నాయమ్మా నీకు" అనేవారు. అంతటితో ఆపేవారు. ఇంకేదో అనాలని ఉన్నట్టు ఉండేది ఆయన మొహం, నేను పట్టించుకోలేదు.

నాకు పదిహేడేళ్ళు వచ్చిన ఏడు పక్క పట్నంలో నాటక పోటీలు పెట్టారు. మా ఊరి బడిపంతులు ఒకాయన రాసిన నాటకం మావాళ్ళది. అందులో రాజ్యం పోగొట్టుకుని ఊరు విడిచి వెళ్ళే రాజు పెదనాన్న. అంతా సిద్ధమయ్యాక, నాలుగు రోజులుందనగా సోమయ్య మాస్టారికి పచ్చకామెర్లు. పొరుగూరి హార్మోనిస్టులు ఎవరి జట్టుతో వాళ్ళు ముందే కుదిరిపోయారు. పెదనాన్న గోడ మీదుగా మా నాన్నని పిలిచి, "ఒరేయ్, పద్మని పంపించరా" అన్నాడు. మా అమ్మ ఇంతెత్తున లేచింది. "పెళ్ళి కావాల్సిన పిల్లని స్టేజీ ఎక్కిస్తారా? రేపు నలుగురూ ఏమంటారు?" అంది. మా నాన్న ఎప్పట్లాగే పంచె సర్దుకుంటూ నేలచూపులు చూశాడు. దొడ్డమ్మ గోడ ఇవతలికొచ్చి, "నేనూ వస్తాను, పిల్ల పక్కనే కూర్చుంటాను. నన్ను దాటి ఎవడంటాడో అనమను" అంది. ఆ మాటతో అమ్మ మెత్తబడింది. నాకైతే ఆ నాలుగు రోజులూ అన్నం సహించలేదు. ఒక్కటే పట్టుదల. ఆడపిల్లని కూర్చోబెట్టారేమిటి అని ఎవరూ అనకూడదు, మగవాళ్ళని తలదన్నేలా వాయించాలి.

మా నాటకం సాయంత్రమే మొదటిది. పందిరి కిటకిటలాడుతోంది. నిర్వాహకులు ముందే మైకులో, "పోటీలు గనుక దయచేసి వన్స్ మోర్ అనవద్దు" అని చెప్పారు. ఎవరు వింటారండీ? మా వైపు పద్యం నచ్చితే వన్స్ మోర్ అంటారు, అన్నాక నటుడు మళ్ళీ మొదటి నుంచీ పాడాలి. పాడకపోతే జనాన్ని అవమానించినట్టే. చచ్చినవాడు కూడా లేచి పద్యం పాడి మళ్ళీ చచ్చిన నాటకాలు మా ఊళ్ళలో ఉన్నాయి. రాజు ఊరు దాటే సీను వచ్చింది. పెదనాన్న ఐదులో ఎత్తాడు. మూడు పాదాలు అయ్యాయి. మూడో పాదం చివర రాజు సారథిని రథం ఆపమంటాడు. అక్కడ పెదనాన్న ఊపిరి తీసుకోవడానికి ఆగాడు. ఇదే అదను అనుకున్నాను. ఈ చివరి మెట్టు నుంచి ఆ చివరి మెట్టుదాకా వేళ్ళు పరిగెత్తించాను, వెనక్కి తెచ్చాను, మళ్ళీ పరిగెత్తించాను. కాళ్ళు దబదబా తొక్కాను. పందిరి దద్దరిల్లిపోయింది. ఈలలు, చప్పట్లు, తువ్వాళ్ళు గాలిలో ఎగిరాయి. పెదనాన్న నాలుగో పాదం అందుకుని పైకి లాగి ఎలాగో నిలబెట్టాడు. అది పూర్తవకుండానే నాలుగు మూలల నుంచీ అరుపులు. "వన్స్ మోర్! వన్స్ మోర్!"

ఆయన ఒక్కసారి నా వైపు చూశాడు. ఆ వన్స్ మోర్ ఎవరికో ఆయనకి తెలుసు. నాకూ తెలుసు, తెలిసి సంతోషించాను. పాపిష్టిదాన్ని. ఆయన వయసు అప్పటికే అరవైకి దగ్గర. ఆ పద్యం ఒక్కసారికే దాచుకున్న గొంతు అది. అయినా రాజు ఠీవిగా శాలువా సర్దుకుని మళ్ళీ మొదటి నుంచి ఎత్తాడు. మూడో పాదం దగ్గర నేను మళ్ళీ పరిగెత్తాను, ఈసారి ఇంకా జోరుగా, ఇంకా ఎక్కువసేపు. ఆ జోరు మీద ఆయన నాలుగో పాదం అందుకోబోయాడు. పైషడ్జం, అంటే పై 'స' దగ్గర గొంతు చీలిపోయింది. వెనకాల ఎవరో కిసుక్కున నవ్వారు. ఆయన ఆగలేదు, మిగిలిన పద్యాన్ని మాటలా చెప్పి ముగించి, రథం దిగకుండా సీను పూర్తి చేశాడు. బహుమతులు చదివినప్పుడు ఉత్తమ వాద్య సహకారం కప్పు నాకు వచ్చింది. తిరిగొచ్చేటప్పుడు ట్రాక్టరులో ఆ కప్పు ఎక్కడ సొట్ట పడుతుందోనని పెదనాన్నే ఒళ్ళో పెట్టుకుని తెచ్చాడు. "మా పిల్ల, మా పిల్ల" అని తోటివాళ్ళతో అన్నాడు. నేనొక పక్క పొంగిపోతున్నాను, ఇంకోపక్క దొడ్డమ్మ నాతో ఒక్క మాటా మాట్లాడటం లేదని గమనిస్తున్నాను.

మర్నాడు పొద్దున పుక్కిలింత వినపడలేదు. స్నానాలగదిలో చెంబు చప్పుడు వినపడింది, పాట లేదు. బడలిక అనుకున్నాం. ఆ మర్నాడూ అంతే, మూడోనాడూ అంతే. నాలుగో రోజు మధ్యాహ్నం నేనూ అమ్మా అన్నం తింటున్నాం. గోడ మీదుగా గుప్పున ఘాటు వచ్చి ఇద్దరం దగ్గలేక చచ్చాం. అమ్మ కళ్ళనీళ్ళు తుడుచుకుంటూ గోడ అవతలికి, "అక్కా! ఇంట్లోనే వేయిస్తున్నావేంటి?" అని కేకేసింది. దొడ్డమ్మ మామూలుగానే, "ఇంకేముందమ్మా దాచడానికి? ఇక వేషం కట్టనన్నాడు మీ బావగారు" అంది. ఆ ముద్ద నా నోట్లోనే ఉండిపోయింది. ఘాటుకి వచ్చిన నీళ్ళేవో, అసలు ఏడుపేదో నాకే తెలియలేదు.

రెండు నెలలకి సోమయ్య మాస్టారు తేరుకుని వచ్చారు. మనిషి సగమయ్యారు. మజ్జిగ తాగి, పొడుం పీల్చి, "ఏదమ్మా, ఏం వాయించావో వాయించు" అన్నారు. లోపల ఎంత కుమిలిపోతున్నా, ఆయన ముందు వాయించేసరికి నా వేళ్ళకి మళ్ళీ పొగరొచ్చింది. మొత్తం విన్నారు. "పద్యం వచ్చా నీకు?" అన్నారు. వచ్చన్నాను. "పాడకుండా చెప్పు" అన్నారు. గడగడా ఒప్పజెప్పాను. "రాజు ఎక్కడున్నాడు?" "రథంలో." "రథం ఎందుకు ఆపమన్నాడు?" నాకు తెలియదు. అరవైసార్లు వాయించిన పద్యం, ఎందుకు ఆపమన్నాడో ఏనాడూ అనుకోలేదు. ఆయన కోప్పడలేదు. "వెనక్కి తిరిగి ఊరు చూసుకోవడానికి. ఇంతకాలం ఏలుకున్న ఊరు. ఆ కాస్త జాగాలో ఆ మనిషి కళ్ళారా చూసుకోవాలి. ఆయన మెడ తిప్పేలోపల నువ్వు గుర్రాల్ని తోలేశావు" అన్నారు. ఆ మాటకి నేను అక్కడికక్కడే చితికిపోయాను.

"ఇప్పుడేం చెయ్యాలి మాస్టారూ?" అన్నాను. "వేళ్ళు నేర్చుకున్నాయి. కాళ్ళు నేర్చుకోలేదు. నీ కాళ్ళింకా మిరపతోటలో నీళ్ళు కడుతున్నాయి" అన్నారు. వేగంగా వాయించేవాళ్ళు ఒకటే తీరున దబదబా తొక్కుతారు, గాలి ఎక్కువైతే మెట్టు అరుస్తుంది తప్ప మాట్లాడదు, అని వివరించారు. నాకు ఆయన పెట్టిన పని ఇదీ. ఒక్క వేలు, ఒక్క మెట్టు. మనిషి మూలిగినంత సన్నగా మొదలుపెట్టి, పద్యంలో పాదం నడిచినంతసేపు దాన్ని కాళ్ళతో పెంచి, మళ్ళీ ఎక్కడ ఆగిందో తెలియకుండా ఆపాలి. వినడానికి ఇంతే. చెయ్యబోతే మొదటి వారం ప్రతిసారీ గాలి తెగిపోయేది. పిక్కలు పట్టేసేవి. మా అమ్మ తల పట్టుకుని, "పొద్దుట్నుంచీ ఒకటే కూత. నీ పాత గోలే నయమే తల్లీ" అనేది. నేను మానలేదు. పద్యంలో ప్రతి మాటకీ అర్థం పంతులుగారి దగ్గరికి వెళ్ళి రాసుకొచ్చుకున్నాను. నేను తీసిన గొంతును నేనే తిరిగి తేవాలి, అంతే.

కల్లంలో పెదనాన్న కాయలు తిరగేస్తుంటే వెళ్ళి ఎదురుగా నిలబడ్డాను. "తప్పయింది పెదనాన్నా" అన్నాను. "ఏం తప్పు? జనం అడిగారు, నేను పాడాను. గొంతు అయిపోయింది. నువ్వేం చేస్తావు?" అన్నాడు, చేతిలో పని ఆపకుండా. "ఐదులో పాడబట్టి అయిపోయింది. నాలుగులో పాడు, నేను వాయిస్తా" అన్నాను. పార నేలకి కొట్టాడు. "నాలుగా? ఎవరితో మాట్లాడుతున్నావే? నాలుగులో పాడటానికి నేనెందుకు, రేడియో పెట్టుకోమను జనాన్ని. పో, పోయి తాలుకాయలు ఏరుకో!" అన్నాడు. కూలివాళ్ళంతా వింటున్నారు. నాకు సిగ్గేసింది గానీ వెనక్కి తగ్గబుద్ధి కాలేదు. మొండితనంలో మా ఇంట్లో ఎవరికెవరూ తీసిపోరు.

మర్నాటి నుంచి తెల్లవారకముందే గోడ అవతలికి వెళ్ళి హార్మోనియం ముందు కూర్చునేదాన్ని. ఆయన స్నానాలగదిలోకి వెళ్ళగానే ఆ పద్యం ఒక్క వేలితో మొదలుపెట్టేదాన్ని, నాలుగు శ్రుతిలో, అతి నిదానంగా. "ఆపవే!" అని లోపల నుంచి అరిచేవాడు. "ఆపను!" అని నేనూ అరిచేదాన్ని. "మీ నాన్నతో చెబుతా!" "చెప్పుకో!" రోజూ ఇదే భాగోతం. వీధిలో పోయేవాళ్ళు నవ్వుకునేవాళ్ళు. ఒక రోజు చెంబు విసిరిన చప్పుడు కూడా వినపడింది. దాదాపు నెల గడిచింది. ఒక పొద్దున మూడో పాదం అయిపోయాక నేను కొంచెం ముందుగానే నాలుగో పాదంలోకి వెళ్ళబోయాను. లోపల నుంచి కేక. "అక్కడ కాదే! ఊపిరి తీసుకోనియ్యి మనిషిని!" నా కాళ్ళు ఆగిపోయాయి. తర్వాత నెమ్మదిగా, బొంగురుగా, నాలుగో పాదం వినపడింది. నాలుగు శ్రుతిలో. దొడ్డమ్మ వంటింట్లోంచి గరిటె పట్టుకుని వచ్చి గుమ్మంలో నిలబడింది. పద్యం అయ్యేదాకా కదలకుండా విని, లోపలికి వెళ్ళి, పొయ్యి మీది మిరపకాయల మూకుడు దించి, ఏమీ అనకుండా పెరట్లోకి నడిచింది.

అన్నట్టు, ఆ పియానో పిల్ల వాళ్ళమ్మ పోటీ మర్నాడే ఫోన్ చేసింది. "స్పీడు తక్కువైందా మేడమ్?" అని. "ఎక్కువైందమ్మా" అన్నాను. "ఎక్కువైతే మార్కులు తగ్గుతాయా ఎక్కడైనా?" అంది. న్యాయమైన ప్రశ్నే. ఆ తల్లిని నేను తప్పుపట్టను. అప్పటి రోజులు బంగారమని, అప్పటి జనానికి రసం తెలుసని, ఇప్పుడే అంతా పాడైందని రాసేవాళ్ళంటే నాకు ఒళ్ళుమంట. మా పెదనాన్న గొంతు చీల్చింది అప్పటి జనమే, అప్పటి నేనే. ఇప్పుడు తువ్వాళ్ళ బదులు ఫోన్లు లేస్తున్నాయి. తేడా ఒకటుంది. నాకు ఇంట్లోనే గోడ అవతల తెలిసింది ఎవరికి దెబ్బ తగిలిందో. ఈ పిల్లలకి పక్కన పాడే మనిషి ఉండడు, ఊపిరి తీసుకోనియ్యమని కేకేసేవాళ్ళు లేరు. వేగం వద్దని నేను అనను. నా వేళ్ళు చురుగ్గా లేకపోతే ఒక్క వేలితో వాయించడం కూడా నాకు వచ్చేది కాదు. కానీ దానితోనే సరిపెట్టుకుంటే ఒప్పుకోను. "ఆదివారం పిల్లని పంపించండి, ఫీజు అక్కర్లేదు" అన్నాను. వచ్చింది. అదే పాటని పావు వంతు వేగంలో వాయించమంటే తప్పులు దొర్లి ఏడ్చింది. ఏడవనిచ్చి, మళ్ళీ వాయించమన్నాను. మూడో ఆదివారం ఒక చోట తనంతట తనే ఆగి, "ఇక్కడ ఎవరో ఎవరినో పిలిచి, పలకలేదని చూస్తున్నట్టుంది ఆంటీ" అంది. అది నిజమో కాదో ఆ పాట కట్టినవాడికే తెలియాలి. నాకు మాత్రం ఆ పిల్లని ఎత్తుకుని తిప్పాలనిపించింది. నా మోకాళ్ళు ఒప్పుకోవు కాబట్టి కాఫీ బిస్కట్లతో సరిపెట్టాను.

పెదనాన్న మళ్ళీ వేషం కట్టింది మా ఊళ్ళోనే. ఆ వేసవి కాయలు అమ్మడం అయిపోయాక, ఖాళీ అయిన కల్లంలోనే బల్లలు వేసి స్టేజీ కట్టారు. నేల నిండా మిరప గింజలు. కూర్చున్నవాళ్ళు ఒకళ్ళ తర్వాత ఒకళ్ళు తుమ్ముతూనే ఉన్నారు. పొద్దుగూకేవేళకి మొదలుపెట్టారు. తెర లేవబోయే ముందు పెదనాన్న కిరీటంతో నా దగ్గరికొచ్చి వంగి, "ఎంత పెట్టావు?" అన్నాడు. "నాలుగు." "ఐదు పెట్టు. మన ఊరే, పరువు పోతుంది." "పెట్టను." "పద్మా!" "పెట్టను పెదనాన్నా. కావాలంటే నన్ను లేపి ఇంకెవరినైనా కూర్చోబెట్టుకో." పళ్ళు కొరికాడు. ఇంకెవరూ లేరని ఇద్దరికీ తెలుసు. కామెర్ల తర్వాత కాళ్ళలో సత్తువ లేక వాయించడం నాకే వదిలేసిన సోమయ్య మాస్టారు ముందువరసలో కూర్చుని ముక్కుపొడుం డబ్బా తిప్పుతున్నారు.

రాజు ఊరు దాటే సీను వచ్చింది. నాలుగులో ఎత్తాడు. ముసలి గొంతులో ముందెన్నడూ వినని మాటలు వినపడ్డాయి నాకు. ఐదులో ఉన్నప్పుడు అంతా ఎత్తే, మాట తెలిసేది కాదు. మూడో పాదం అయింది, రథం ఆపమన్నాడు. నా చేతులు రెండూ తీసేశాను, ఎడమ చేతి చిటికెనవేలు ఒక్కటి కింది షడ్జం మీద ఉంచి. కాళ్ళు కదిలీ కదలనట్టు. పెదనాన్న మెడ తిప్పి చూశాడు. నిజంగానే చూశాడు, జనం తలల మీదుగా ఇళ్ళ వైపు, మా గోడ ఉన్న ఇంటి వైపు. ఎంతసేపు చూశాడో నాకు తెలియదు. ఆయన భుజాలు ఊపిరితో లేచేదాకా ఆగి, అప్పుడు కాస్త గాలి పెంచాను. నాలుగో పాదం పాడాడు. గొంతు చీలలేదు. పద్యం అయిపోయింది. చప్పట్లు లేవు, ఒక్క ఈల లేదు, వన్స్ మోర్ లేదు. నాశనం చేశాను, ఐదు పెట్టాల్సింది అనుకున్నాను. ముందు కూర్చున్న కూలి ఆడవాళ్ళ వైపు చూస్తే, కొంగులు నోటికి అడ్డం పెట్టుకుని ఉన్నారు. తుమ్ములు కూడా ఆగిపోయాయి. రథం వెళ్ళిపోయింది, తర్వాతి సీను వాళ్ళు వచ్చి మాట్లాడితే గానీ జనం కదల్లేదు.

నాటకం అయ్యాక ఊళ్ళోవాళ్ళు నా చుట్టూ మూగారు. "ఏమ్మా పద్మా, వేళ్ళకి జ్వరమొచ్చిందా ఏంటి? ఆ రోజు పోటీలో వాయించావు చూడూ, అదీ వాయించడమంటే!" అన్నాడొకాయన. ఇప్పటికీ నేను ఊరెళ్తే వాళ్ళకి గుర్తున్నది ఆ కప్పు వచ్చిన రోజే. ఈ సాయంత్రం సంగతి ఒక్కరూ ఎత్తరు. నేను వాళ్ళని తప్పించుకుని తెర వెనక్కి వెళ్ళాను. పెదనాన్న బల్ల మీద కూర్చుని కొబ్బరినూనె గుడ్డతో మొహం రంగు తుడుచుకుంటున్నాడు. సగం మొహం రాజు, సగం మొహం మా పెదనాన్న. తిడతాడేమోనని దూరంగా నిలబడ్డాను. అద్దంలో నన్ను చూసి, "ఏమే, ఇవాళ ఆ సీన్లో నువ్వు వాయించావా అసలు?" అన్నాడు. "వాయించాను పెదనాన్నా" అన్నాను భయంభయంగా. ఆయన గుడ్డ పక్కన పెట్టి ఇటు తిరిగాడు. "నాకు వినపళ్ళేదే. నేనూ, నా ఊరూ. మధ్యలో ఇంకెవరూ లేరు" అన్నాడు. ఆయన కళ్ళు తడిగా ఉన్నాయి. నేను తోటి వేషగాళ్ళందరి ముందూ, ఆయన నూనె చేతుల మీద పడి, వెక్కి వెక్కి ఏడ్చాను.